ఐదేళ్లలోపే వ్యక్తిత్వం ఖాయమైపోతుందా? మా బాబు విషయంలో ఆలస్యమైపోయిందా?

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఇదీ సంగతి. మీ బాబుకి నాలుగున్నరేళ్లు. ఆరో నెల నుంచి రెండున్నరేళ్లు వచ్చేదాకా మీ ఇద్దరి ఉద్యోగాల వల్ల అమ్మమ్మ దగ్గర పెరిగాడు, మీరు సెలవు రోజుల్లో వెళ్లి చూసి వచ్చేవారు. తర్వాత మీ దగ్గరికి తెచ్చేసుకున్నారు. మూడు నెలల క్రితం చెల్లి పుట్టింది. అప్పటి నుంచి, ఏడాదిగా మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది, పసిపిల్లాడిలా ముద్దుమాటలు మాట్లాడుతున్నాడు, సీసాతో పాలు పట్టమంటున్నాడు. ఈలోపు ఎవరో వీడియోలో "ఐదేళ్లలోపే మనిషి వ్యక్తిత్వం మొత్తం తయారైపోతుంది, ఫ్రాయిడ్ ఎప్పుడో చెప్పాడు" అంటే విన్నారు. ఆ రెండేళ్ల నష్టమే ఇప్పుడు బయటపడుతోందేమో, ఇక వీడు జీవితాంతం ఇన్‌సెక్యూర్‌గానే ఉంటాడేమో అని మీ టెన్షన్. అమ్మమ్మ దగ్గర నుంచి తెచ్చినప్పుడు ఒక్కసారి కూడా ఏడవలేదని, చాలా తొందరగా కలిసిపోయాడని కూడా ఒక వాక్యం రాశారు. దాని గురించి తర్వాత మాట్లాడతాను.

సూటిగా చెప్పాలంటే, ఖాయమైపోలేదు, ఆలస్యమూ కాలేదు. మీరు చెప్పిన మూడూ చెల్లో తమ్ముడో పుట్టినప్పుడు ఈ వయసు పిల్లలు మామూలుగా చేసేవే. రెండేళ్ల కిందటి లోపం ఏదో ఇప్పుడు బయటికొస్తోందనడానికి అవి రుజువు కావు. అలాగని ఆ రెండేళ్లకీ దీనికీ అసలు సంబంధమే లేదని కూడా అనలేను. ఉండొచ్చు, అయితే మీరు భయపడుతున్న వైపు నుంచి కాకపోవచ్చు. "నేను వదిలేసి ఉద్యోగానికి వెళ్లాను" అని మీరు మీ వైపు నుంచి లెక్క వేసుకుంటున్నారు. వాడి వైపు నుంచి వేస్తే ఆ లెక్క వేరేలా వస్తుంది. సైకోడైనమిక్ పద్ధతిలో, అంటే ఫ్రాయిడ్‌తో మొదలై, పైకి కనిపించే పనుల వెనక మనకే తెలియని కారణాల్ని వెతికే పద్ధతిలో, నాకు పనికొచ్చేదల్లా అదే: పిల్లాడు ఇప్పుడు ఈ పని ఎందుకు చేస్తున్నాడు, దీనివల్ల వాడికి ఏం ఒరుగుతోంది అని వాడి వైపు నుంచి అడగడం.

నేను పిల్లలతో, వాళ్ల అమ్మానాన్నలతో ఈ పద్ధతిలోనే పనిచేస్తాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను. ముందు రెండు మాటలు. మీ బాబుని నేను చూడలేదు, చూడకుండా వాడి మనసులో ఇదే ఉందని చెప్పేవాళ్లని నమ్మొద్దు, నాతో సహా. రెండోది, ఏడాదిపాటు పొడిగా ఉన్న పిల్లాడు మళ్లీ తడపడం మొదలుపెడితే మొదట పిల్లల డాక్టర్‌కి చూపించండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, అరుదుగా షుగర్ ఇవన్నీ చూడాలి. దాహం విపరీతంగా ఉండి, బరువు తగ్గుతుంటే ఆ రోజే తీసుకెళ్లాలి. అచేతన మనసు (మనకే తెలియకుండా లోపల నడిచేది) గురించి నెలల తరబడి మాట్లాడుకుని చివరికి అది ఇన్‌ఫెక్షన్ అని తేలడం కన్నా దారుణం ఉండదు.

ఇక ఆ ఐదేళ్ల మాట. మనోవిశ్లేషణకి ఆద్యుడైన ఫ్రాయిడ్ 1905లో రాసిన వ్యాసాల్లో చిన్నప్పటి దశల ఆలోచన మొదలైంది. మొదట నోటితో పొందే సుఖం, తర్వాత మలవిసర్జన మీద అదుపు, తర్వాత అమ్మానాన్నల చుట్టూ తిరిగే ప్రేమా అసూయా, ఆ తర్వాత బడి వయసులో కాస్త సద్దుమణగడం, చివరికి యవ్వనం. మొదటి మూడూ ఐదారేళ్లలోపు అయిపోతాయి, వాటిలో ఎక్కడైనా ఇరుక్కుంటే పెద్దయ్యాక ఆ ఛాయలు స్వభావంలో కనిపిస్తాయి అన్నాడు. అయితే ఇదంతా ఆయన ఎక్కువగా పెద్దవాళ్ల జ్ఞాపకాల నుంచి వెనక్కి వెళ్తూ కట్టినది. పసిపిల్లల దగ్గర కూర్చుని చూసి రాసింది కాదు. గుర్రాలంటే భయపడిన ఐదేళ్ల పిల్లాడి కేసు ఒకటి 1909లో ప్రచురించాడు గానీ, అందులో కూడా వైద్యం చాలావరకు ఆ పిల్లాడి తండ్రి ద్వారానే నడిచింది.

వెనక్కి చూస్తే ఏ జీవితమైనా పద్ధతిగానే కనిపిస్తుంది. ఈ మాట ఫ్రాయిడ్‌కీ తెలుసు. 1920లో ఒక యువతి కేసు రాస్తూ, ఫలితం దగ్గర నుంచి కారణాల వైపు వెళ్తే గొలుసు ఎక్కడా తెగినట్టు ఉండదు, అదే కారణాల దగ్గర నుంచి ముందుకు వస్తే ఇలాగే జరిగి తీరాలనిపించదు, వేరేగా కూడా జరిగి ఉండొచ్చు అనిపిస్తుంది అని ఒప్పుకున్నాడు. వీడియోలు చేసేవాళ్లు ఈ ముక్క ఎందుకో చెప్పరు.

నా మటుకు నేను ఆ దశల్ని అక్షరాలా పట్టుకోవడం ఎప్పుడో మానేశాను. టాయిలెట్ అలవాటు కఠినంగా నేర్పిస్తే పిల్లాడు పిసినారి అవుతాడు, పాలు తొందరగా మాన్పిస్తే సిగరెట్లకి అలవాటు పడతాడు లాంటి మాటలకి గట్టి ఆధారం దొరకలేదు. నాలుగేళ్ల పిల్లాడు "అమ్మ నాది, నాన్న వేరే గదిలో పడుకోవాలి" అనడం, దాని వెనక ఉన్న అసూయ, అవి నిజమే, ఏ ఇంట్లో అయినా చూడొచ్చు. దాన్ని ప్రపంచమంతటికీ వర్తించే పెద్ద సిద్ధాంతంగా మోయాల్సిన అవసరం మాత్రం నాకెప్పుడూ కనబడలేదు. ఫ్రాయిడ్ తర్వాత వచ్చినవాళ్లు కూడా ఐదేళ్ల దగ్గర ఆగలేదు. ఎరిక్ ఎరిక్సన్ 1950లో ఎనిమిది దశలు చెప్పి ముసలితనం దాకా తీసుకెళ్లాడు. పీటర్ బ్లాస్ 1967లో, టీనేజీలో పిల్లలు అమ్మానాన్నల నుంచి మనసులో రెండోసారి విడివడతారు, అప్పుడు పాత లెక్కలు చాలా తిరగరాసుకుంటారు అన్నాడు. టీనేజీ పిల్లలతో పనిచేసేవాళ్లకి ఇది రోజూ కనిపించేదే.

మరి ఏం మిగిలింది అంటారేమో. చాలానే మిగిలింది. మనం చేసే పనుల వెనక మనకే తెలియని కారణాలుంటాయనేది మిగిలింది. దగ్గరి మనుషులతో మొదట్లో అలవాటైన తీరు తర్వాతి సంబంధాల్లోకి కూడా వస్తుందనేది మిగిలింది. అన్నిటికన్నా ఎక్కువగా నేను రోజూ వాడుకునేది రక్షక తంత్రాల ఆలోచన.

దీన్ని కాస్త విడమరిచి చెప్తాను, మీ బాబు సంగతి ఇక్కడే అర్థమవుతుంది. లోపల ఒకటి కావాలనిపిస్తుంది. అది కూడదని ఇంకోటి లోపలే గదమాయిస్తుంది. బయట ప్రపంచం దాని దారిన అది ఉంటుంది. ఈ మూడిటి మధ్య సర్దుబాటు చేసే పని అహానిది (కావాలనేది ఇడ్, కూడదనేది సూపర్‌ఈగో, సర్దేది ఈగో అంటే అహం అని పాఠ్యపుస్తకాల్లో చదివేది ఇదే, ఫ్రాయిడ్ 1923లో పెట్టిన లెక్క). ఆ సర్దుబాటు భరించలేనంత కష్టమైనప్పుడు మనసు కొన్ని ఉపాయాలు పన్నుతుంది, రక్షక తంత్రాలంటే ఇవే. అసలు జరగలేదనుకోవడం, తన కోపాన్ని ఎదుటివాళ్లకి అంటగట్టడం, ఒకరి మీది కోపం ఇంకొకరి మీద చూపించడం, లోపల ఉన్నదానికి సరిగ్గా వ్యతిరేకంగా ప్రవర్తించడం, వయసులో వెనక్కి వెళ్లిపోవడం. 1936లో వీటన్నిటినీ ఒకచోట పెట్టి వివరంగా రాసింది ఫ్రాయిడ్ కూతురు అన్నా ఫ్రాయిడ్. ఆవిడ తండ్రిలా కాదు, పిల్లలతో నేరుగా పనిచేసిన మనిషి.

నన్నడిగితే ఒక మనిషి ఏ ఉపాయాన్ని ఎంత తరచుగా, ఎంత మొండిగా వాడతాడన్నదే చాలావరకు మనం వ్యక్తిత్వం అని పిలిచేది. అన్నీ తన చేతిలోనే ఉండాలనే మనిషి, ఎవరి దగ్గరా చేయి చాచనని గర్వంగా చెప్పుకునే మనిషి, ప్రతిదాన్నీ జోక్ చేసి తప్పించుకునే మనిషి, వీళ్లందరికీ అది ఒకప్పుడు నిజంగానే ఉపయోగపడింది. ఇప్పుడు అవసరం తీరినా వదలడం లేదు, అంతే. అలాగని ఇవి మారనివీ కావు. హార్వర్డ్‌లో 1938లో మొదలై దశాబ్దాలపాటు సాగిన ఒక అధ్యయనంలో జార్జ్ వాయంట్ ఈ తంత్రాల్నే గమనిస్తూ వచ్చాడు. వయసు పెరిగేకొద్దీ చాలామంది ముతక ఉపాయాల నుంచి మెరుగైనవాటికి, అంటే హాస్యానికి, బాధని ఏదో ఒక పనిలోకి మళ్లించడానికి మారారు. నడివయసులో మారినవాళ్లున్నప్పుడు నాలుగున్నరేళ్లకి అంతా అయిపోయిందనడం ఏమిటి?

మీ బాబు చేస్తున్నది వయసులో వెనక్కి వెళ్లడం. ప్రతిగమనం అంటారు. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ కలిసి లండన్‌లో పిల్లల కోసం నర్సరీలు నడిపారు. బాంబుల కన్నా అమ్మకి దూరమవడమే పిల్లల్ని ఎక్కువ కుంగదీసిందని, కొత్తగా నేర్చుకున్న విద్యలే మొదట పోయేవని, అందులో పక్క తడపడం బాగా కనిపించిందని రాశారు. కొత్తగా నేర్చుకున్నదే ముందు పోతుందన్నది గుర్తుపెట్టుకోండి. అది చెడిపోవడం కాదు. ముందుకి వెళ్లడం కష్టంగా ఉన్నప్పుడు, ఒకప్పుడు బాగా గడిచిన చోటికి వెళ్లి కాస్త నిలదొక్కుకోవడం. మీ ఇంట్లో ఇప్పుడు సీసా పట్టుకున్నవాళ్లకి, పక్క తడిపినవాళ్లకి, మాటలు రానివాళ్లకి రోజంతా అమ్మ ఒళ్లు దొరుకుతోంది. వాడు చూస్తున్నాడు కదా. పెద్దవాడివయ్యావు, అన్నయ్యవయ్యావు అని అందరూ పొగుడుతున్నారు గానీ, ఆ పెద్దరికం వల్ల వాడికి ఇప్పటిదాకా దొరికిందేమిటో చెప్పండి.

ఇది వాడు ప్లాన్ చేసుకుని చేస్తున్నాడని మాత్రం అనుకోకండి. "కావాలనే చేస్తున్నాడు" అనేది నేను అమ్మానాన్నల నోట ఎక్కువగా వినే మాట. రాత్రి నిద్రలో తడిపే పిల్లాడికి కావాలని చేయడం ఎలా కుదురుతుంది?

వెనక్కి వెళ్లడం ఒక్కటే దారి కాదు. ఇంకో పిల్ల గురించి చెప్తాను, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. ఆరేళ్ల పాప. గోళ్ల చుట్టూ రక్తం వచ్చేదాకా గిల్లుకుంటోందని, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని తీసుకొచ్చారు. తమ్ముడి విషయం అడిగితే "అబ్బే, వాడంటే ప్రాణం దీనికి" అన్నారు. నా గదిలో చిన్న బొమ్మలుంటాయి. వచ్చిన ప్రతిసారీ పసిపాప బొమ్మ తీసి పడుకోబెట్టేది. ఒక గుడ్డ కప్పేది. చలేస్తుందని ఇంకో గుడ్డ. తర్వాత నా టేబుల్ మీది టవల్. చివరికి బొమ్మ మొహం కూడా కనిపించేది కాదు.

"వీడికి ఊపిరాడుతుందా?" అనడిగాను ఒకరోజు.

"ఆడదు," అంది చాలా మామూలుగా. "కానీ వీడికి చలి కదా."

"వీడిని ఇంత బాగా చూసుకునే అక్కకి చాలా అలసటగా ఉంటుందేమో. ఒక్కోసారి విసుగు కూడా వస్తుందేమో," అన్నాను. నా వంక కాసేపు చూసి, టవల్ ఒక్కటి తీసేసింది.

అంతకు మించి నేనేమీ వివరించలేదు. "నీకు తమ్ముడి మీద కోపం" అని ఆ రోజే చెప్పేసి ఉంటే ఆ పిల్ల అక్కడితో బొమ్మలు మూసేసేది. కొన్నాళ్లకి బొమ్మల్లో అక్క అరవడం మొదలుపెట్టింది, తర్వాత ఇంట్లో మొదటిసారి "వీడెప్పుడూ ఏడుస్తాడు, నాకు చిరాకు" అంది. వాళ్లమ్మ కంగారుపడి నాకు ఫోన్ చేసింది. ఇది మంచి వార్త అని నచ్చచెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. కోపం మాటల్లోకి వచ్చాక గోళ్లు గిల్లుకోవడం మెల్లగా తగ్గింది. ఈ పాప వాడిన ఉపాయాన్ని పుస్తకాల్లో ప్రతిచర్యా నిర్మితి అంటారు: కోపం ఉన్నచోట అతి ప్రేమ. నిజం చెప్పాలంటే, నన్ను ఇలాంటి పిల్లలే ఎక్కువ కలవరపెడతారు, మీ బాబులా గోల చేసేవాళ్లు కాదు. మీవాడు తనకేం కావాలో మీకు స్పష్టంగా చెబుతున్నాడు, మాటల్లో కాదు గానీ.

ఆట గురించి ఒక్క మాట. పిల్లలకి మనలా కూర్చుని చెప్పుకోవడం రాదు, వాళ్ల మాటలన్నీ ఆటలోనే ఉంటాయి. మెలనీ క్లైన్ అనే మనోవిశ్లేషకురాలు 1920లలోనే చిన్న చిన్న బొమ్మలు ముందు పెట్టి పిల్లలతో పనిచేయడం మొదలుపెట్టింది. ఫ్రాయిడ్ కూడా తన మనవడిని చూశాడు. ఏడాదిన్నర పిల్లాడు, అమ్మ బయటికి వెళ్తే ఏడ్చేవాడు కాదు, దారం కట్టిన కండెని మంచం అంచు మీదుగా విసిరేసి, కనబడకుండా పోయాక మళ్లీ లాక్కునేవాడు. వదిలి వెళ్లేదీ వాడే, వెనక్కి తెచ్చేదీ వాడే. కానీ క్లైన్‌లాగా ప్రతి బొమ్మకీ ఒక అర్థం అప్పటికప్పుడు చెప్పే పద్ధతి నాకు నచ్చదు, ఇంట్లో మీరు అసలే చేయొద్దు. ఆటలో రైళ్లు గుద్దుకుంటే కొన్నిసార్లు అవి రైళ్లే.

ఇప్పుడు ఆ వాక్యానికి వస్తాను. "ఒక్కసారి కూడా ఏడవలేదు, తొందరగా కలిసిపోయాడు."

ఆరో నెల నుంచి రెండున్నరేళ్ల దాకా రోజూ నిద్రపుచ్చింది, తినిపించింది, పడితే ఎత్తుకుంది అమ్మమ్మ. పిల్లలు ఒక్క అమ్మతోనే కాదు, దగ్గరున్న ఇద్దరు ముగ్గురితో బంధం పెంచుకుంటారని షాఫర్, ఎమర్సన్ అనే పరిశోధకులు 1964లోనే గ్లాస్గో పిల్లల మీద చేసిన అధ్యయనంలో చూపించారు. అంటే ఆ రెండేళ్లూ మీవాడు అనాథలా ఏమీ లేడు, వాడికి గట్టి అటాచ్‌మెంటే ఉంది, అమ్మమ్మతో. మీరు వదిలేశారని మీ బాధ. వాడికి మాత్రం, రెండున్నరేళ్లప్పుడు అమ్మమ్మ ఒక్కసారిగా రోజూ కనబడే మనిషి కాకుండా పోయింది. మీ ఉత్తరంలో ఆ విషయం ఎక్కడా లేదు, ఎందుకంటే మీకు అది బాబు ఇంటికొచ్చిన రోజు, సంతోషమైన రోజు.

ఏడవకపోవడం గురించి. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్, రెండేళ్ల పాప ఒకతె ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఏం జరిగిందో డాక్యుమెంటరీ తీశాడు. ఆ రోజుల్లో బ్రిటన్ ఆసుపత్రుల్లో అమ్మానాన్నల్ని పిల్లల దగ్గర ఉండనిచ్చేవారు కాదు. మొదట గొడవ చేస్తారు, తర్వాత దిగాలు పడతారు, ఆ తర్వాత అంటీముట్టనట్టు అయిపోతారు అని ఆయన, మనోవైద్యుడు జాన్ బౌల్బీ కలిసి తేల్చారు. మూడోదాన్ని చూసి నర్సులు "పిల్లాడు అలవాటు పడిపోయాడు" అని సంతోషించేవారట. మనస్తత్వవేత్త మేరీ ఐన్స్‌వర్త్ చేసిన పరీక్షలో కూడా ఇదే కనిపిస్తుంది. అమ్మ గదిలోంచి వెళ్లి తిరిగొచ్చినప్పుడు కొందరు ఏడాది పిల్లలు ఏమీ పట్టనట్టు బొమ్మలతో ఆడుకుంటూ ఉంటారు. తర్వాత స్రూఫ్, వాటర్స్ అనే పరిశోధకులు ఆ పిల్లల గుండె వేగం కొలిస్తే అది బాగా పెరిగే ఉంది.

మీవాడూ అలాగేనని నేను తేల్చి చెప్పడం లేదు. మీ దగ్గరికి సెలవు రోజుల్లో అలవాటై ఉన్నాడు కాబట్టి నిజంగానే తేలిగ్గా కలిసిపోయి ఉండొచ్చు. కానీ రెండేళ్ల క్రితం ఒక ముఖ్యమైన మనిషి రోజువారీ జీవితంలోంచి మాయమైంది, ఇప్పుడు చెల్లి వచ్చి ఇంకో ముఖ్యమైన మనిషిని లాక్కుంటోంది అనిపిస్తే, వాడు ఇంకో ఇంటి పిల్లాడి కన్నా కాస్త ఎక్కువ కంగారు పడటం సహజం. మళ్లీ నన్ను ఎక్కడికైనా పంపేస్తారా అనే ప్రశ్న వాడి లోపల ఉండొచ్చు. అడగడానికి మాటలు ఉండకపోవచ్చు.

కాబట్టి ఇంట్లో చేయగలిగేవి చెప్తాను.

సీసా అడిగితే ఇవ్వండి. రోజూ కాసేపు, ఆటలాగా, ఒళ్లో పడుకోబెట్టుకుని. "ఇంత పెద్దాడివి, సిగ్గులేదా" అనొద్దు. అలవాటైపోతుందేమో అని భయపడతారు, నేను చూసినంతలో అడగ్గానే దొరికితే కొన్నాళ్లకి వాళ్లకే విసుగొస్తుంది. పెద్దవాడిగా ఉన్నందుకు కూడా ఏదో ఒక లాభం కనిపించాలి: చెల్లికి దొరకనిది, నాన్నతో విడిగా ఒక అరగంట, అలాంటిది.

పక్క తడిపితే మాట్లాడకుండా బట్టలు మార్చేయండి. తిట్టడం వద్దు, పొడిగా లేస్తే బహుమతి ఇస్తానని ఆశపెట్టడమూ వద్దు, వాడి చేతిలో లేనిదానికి బహుమతి ఏమిటి. అసలు రాత్రి పక్క తడపడాన్ని ఐదేళ్లలోపు సమస్య కింద లెక్కే వేయరు.

అమ్మమ్మ గురించి మాట్లాడండి. ఫోటోలు తీసి చూపించండి. "నువ్వు చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర ఉండేవాడివి, అక్కడి నుంచి వచ్చేశాక అమ్మమ్మ గుర్తొచ్చి ఉంటుంది, అప్పుడు చెప్పడం నీకు తెలియలేదు" అని మామూలుగా ఒక కథలా చెప్పండి. "ఇప్పుడు ఇక్కడే ఉంటావు, చెల్లి వచ్చినా ఇక్కడే" అనేది కూడా కలపండి, వాడు అడక్కపోయినా సరే. వాడు వినకుండా కార్లు తోసుకుంటూ ఉంటే ఉండనివ్వండి, వింటూనే ఉంటాడు. ఈ సమయంలో మాత్రం "అల్లరి చేస్తే అమ్మమ్మ దగ్గరికి పంపేస్తా" అని ఎవరూ, ముఖ్యంగా చుట్టాలు, సరదాకైనా అనకుండా చూసుకోండి.

చెల్లి మీద కోపాన్ని మాటల్లో రానివ్వండి, చేతల్లో ఆపండి. "చెల్లిని వెనక్కి ఇచ్చేద్దాం" అంటే "తప్పు, అలా అనకూడదు" అనే బదులు "అమ్మ ఎప్పుడూ చెల్లితోనే ఉంటోందని కోపమొచ్చిందా" అంటే చాలు. కొట్టబోతే చెయ్యి పట్టుకోండి.

ఇక మీ అపరాధ భావం. డొనాల్డ్ విన్నికాట్ అని ఇంగ్లండ్‌లో పిల్లల డాక్టర్, మనోవిశ్లేషకుడు కూడా. ఆయన పరిపూర్ణమైన తల్లి కావాలనలేదు, సరిపడేంత మంచి తల్లి చాలన్నాడు. తల్లి మొదట్లో దాదాపు అన్నీ అందిస్తుంది, తర్వాత బిడ్డ తట్టుకోగలిగినంత మేరకు కొంచెం కొంచెంగా తప్పుతూ వస్తుంది, ఆ తప్పడంలోనే బిడ్డ ఎదుగుతాడు అన్నాడు. 1970ల నుంచి ఎడ్వర్డ్ ట్రోనిక్ తల్లీబిడ్డల వీడియోలు క్షణం క్షణం చూసి చెప్పింది కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది: ఆరోగ్యంగా ఉన్న జంటల్లో కూడా ఎక్కువసేపు ఒకరికొకరు పొంతన కుదరకుండానే ఉంటారు, కుదరనిదాన్ని మళ్లీ కుదుర్చుకోవడమే అసలు పని.

మీరు ఎందుకింత బాధపడుతున్నారో కూడా ఒకసారి చూసుకోండి. సెల్మా ఫ్రైబర్గ్ 1975లో, అమ్మానాన్నల బాల్యంలోని పాత బాధలు పసిపిల్లల గదిలోకి దయ్యాల్లా వచ్చి కూర్చుంటాయని రాసింది. నా దగ్గరికి ఒక తండ్రి వచ్చేవాడు. కొడుకు ఏడిస్తే అరిచేవాడు, లేదా ఇంట్లోంచి వెళ్లిపోయేవాడు. చిన్నప్పుడు ఏడేళ్లకే హాస్టల్లో వేశారట, "నాకేం కాలేదండీ, బాగానే ఉన్నాను" అని చాలాసార్లు చెప్పాడు. ఒకరోజు గేటు దగ్గర వాళ్ల నాన్న వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోవడం గురించి చెబుతూ చెబుతూ ఆగి, "మావాడు ఏడిస్తే నాకు వాడి మీద కోపం కాదండీ, అక్కడి నుంచి పారిపోవాలనిపిస్తుంది" అన్నాడు. ఆ తర్వాత పారిపోవడం వెంటనే ఏమీ ఆగలేదు, తలుపు దాకా వెళ్లి వెనక్కి రావడం మొదలైంది. ఫోనగీ, స్టీల్ దంపతులు 1991లో ప్రచురించిన అధ్యయనంలో, గర్భిణిగా ఉన్నప్పుడు తల్లి తన బాల్యం గురించి ఎలా మాట్లాడిందన్నది బట్టి, బిడ్డకి ఏడాది నిండేసరికి అటాచ్‌మెంట్ సురక్షితంగా ఉంటుందా లేదా అన్నది నాలుగింట మూడు వంతుల జంటల్లో సరిగ్గా చెప్పగలిగారు. అక్కడ చూసేది బాల్యం సుఖంగా గడిచిందా లేదా అని కాదు. దాని గురించి దాపరికం లేకుండా, పొంతనగా చెప్పగలుగుతున్నారా అని. కష్టమైన బాల్యం ఉన్నా అలా చెప్పగలిగినవాళ్ల పిల్లలు బాగానే ఉంటారు.

ఈ పద్ధతి చేసిన హాని కూడా చెప్పకపోతే అన్యాయం. 1950లు, 60లలో ఆటిజానికి తల్లి ప్రేమ చూపకపోవడమే కారణమని బ్రూనో బెటిల్‌హైమ్ లాంటివాళ్లు ప్రచారం చేశారు. అది పూర్తిగా తప్పు, ఎందరో తల్లులు ఊరికే నలిగిపోయారు. పిల్లలు పుట్టుకతోనే వేర్వేరు స్వభావాలతో వస్తారు. 1956లో న్యూయార్క్‌లో మొదలైన థామస్, చెస్ అధ్యయనం ఇదే చూపించింది. ఒకే రకం ఎడబాటుని ఒక పిల్లాడు నవ్వుతూ దాటేస్తాడు, ఇంకొకడు నెలలు తీసుకుంటాడు. పిల్లలకి చేసే సైకోడైనమిక్ థెరపీకి ఆధారాలు పెద్దవాళ్లకి ఉన్నంత బలంగా లేవన్నది కూడా నిజం. ఏ సమస్యకైనా "చిన్నప్పుడు ఏదో జరిగి ఉంటుంది" అని మొదలుపెట్టే థెరపిస్ట్ దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

తొలి ఏళ్లకి విలువ లేదని దీని అర్థం కాదు. బుకారెస్ట్‌లో 2000లో మొదలైన అధ్యయనంలో, అనాథాశ్రమాల్లో పెరుగుతున్న 136 మంది పిల్లల్లో కొందరిని పెంపుడు కుటుంబాలకి పంపారు. సుమారు రెండేళ్లలోపు వెళ్లినవాళ్ల అటాచ్‌మెంట్ ఎక్కువ బాగుపడింది. కానీ అక్కడ తమదంటూ ఒక్క మనిషి కూడా లేని పిల్లలు వాళ్లు. మీవాడికి ఒకరు కాదు, ముగ్గురున్నారు. మీ పరిస్థితిని దాంతో పోల్చుకుని భయపడకండి.

డాక్టర్ ఏమీ లేదని తేల్చాక రెండు మూడు నెలలు ఇలా చేసి చూడండి. మధ్యలో బాగుపడి, మళ్లీ తడిపితే కంగారు వద్దు, చెల్లి పాకడం మొదలుపెట్టినప్పుడు ఇంకోసారి రావొచ్చు, అప్పుడు వాడి బొమ్మల మీదికి కూడా వస్తుంది కాబట్టి. వచ్చిన మాటలు పోతుంటే, ఆడుకోవడం మానేస్తే, తిండి నిద్రా బాగా తగ్గిపోతే, చెల్లిని ఎవరూ లేనప్పుడు గాయపరిచే ప్రయత్నం చేస్తే, దెబ్బ తగిలినా ఎవరి దగ్గరికీ రాకపోతే మాత్రం రెండు మూడు నెలలు ఆగొద్దు, పిల్లలతో పనిచేసే సైకాలజిస్ట్‌ని కలవండి. మీకు కూడా ప్రసవం తర్వాత దిగులు రెండు వారాలు దాటి ఉంటే అది విడిగా చూపించుకోవాల్సిన విషయం, బాబుతో కలిపి చూడొద్దు.

వెళ్లేటప్పుడు పుట్టిన దగ్గర నుంచి వాడు ఏ వయసులో ఎవరి దగ్గర ఉన్నాడు, ఎవరు ఎప్పుడు దూరమయ్యారు అన్నది ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి, సగం పని అయినట్టే. వీలైతే అమ్మమ్మని కూడా వెంట తీసుకెళ్లండి. వాడు రెండేళ్లప్పుడు దేనికి భయపడేవాడో, ఎలా ఊరుకునేవాడో ఆవిడకే బాగా తెలుసు.